తన్వి డాడీ కేసు కాగితాలు

ఉమామహేశ్వరి కోడిగుడ్లు కొనడం చూసి తీరాలి. అట్టపెట్టె తెరిచి, పన్నెండు గుడ్లనూ ఒక్కొక్కటిగా వేలితో తిప్పి చూస్తుంది. ఏ ఒక్కటి కదలకుండా అతుక్కుపోయినా అడుగున పగిలిందన్నమాటే, ఆ అట్ట పక్కన పెట్టేసి ఇంకోటి తెరుస్తుంది. వెనక నిలబడ్డవాళ్లు ఏమనుకుంటే ఆమెకేం? పదకొండేళ్లుగా ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. ‘అంతా బాగానే ఉంది’ అని ఎవరైనా అన్నారా, ఆమె చెవులు నిక్కబొడుచుకుంటాయి. అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్ ఊళ్లో ఆమె ఉండే కాలనీ తెలుగువాళ్లు ఆమెను ఎదురుగా ఉమగారు అంటారు, చాటున సి.బి.ఐ. అంటారు. చాటున ఏమంటారో కూడా ఆమెకు తెలుసు. ఆ మాత్రం తెలుసుకోలేకపోతే ఇక సి.బి.ఐ. ఎందుకు?

అలాగని చెడ్డమనిషేమీ కాదు. ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా మిరియాల చారు కాచి పట్టుకెళ్తుంది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు పార్కింగ్ స్థలాల్లో తిప్పి తిప్పి డ్రైవింగ్ నేర్పిస్తుంది. కాకపోతే ఆమె దగ్గర నమ్మకం ఊరికే దొరకదు, అంతే. “గుళ్లో తీర్థం పోసినా ఎక్స్‌పైరీ డేట్ అడుగుతావు నువ్వు” అని భర్త శ్రీధర్ ఏడిపిస్తాడు. “అడిగితే తప్పేంటండీ?” అంటుంది ఆవిడ, నిజంగానే అర్థం కానట్టు.

ఈ మార్చిలో ఆవిడ కన్ను తన్వి డాడీ మీద పడింది.

తన్వి డాడీ అంటే పద్మనాభం. రెండు వీధుల అవతల ఇల్లు. భార్య రేణు, కూతురు తన్వి. తన్విదీ ఉమామహేశ్వరి కూతురు అనికదీ ఒకే వయసు, తొమ్మిదేళ్లు. ఇద్దరూ, ఇంకో పిల్ల నిధీ కలిసి మంగళవారం, గురువారం రోబోటిక్స్ క్లాసుకు వెళ్తారు. మంగళవారం రేణు దింపుతుంది, గురువారం ఉమామహేశ్వరి దింపుతుంది. రెండు రోజులూ తిరిగి తెచ్చేది నిధి మమ్మీ. రెండేళ్లుగా ఈ ఏర్పాటు ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఒక బుధవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో రేణు మెసేజ్ పెట్టింది: “నాకు ట్యూస్‌డే ఆఫీస్‌కి వెళ్లడం కంపల్సరీ చేశారు. నెక్స్ట్ వీక్ నుంచి తన్వి డాడీ డ్రైవ్ చేస్తారు.”

నిధి మమ్మీ బొటనవేలి బొమ్మ పెట్టింది. ఉమామహేశ్వరి ఏమీ పెట్టలేదు.

ఎందుకంటే ఆవిడ దగ్గర లెక్కలున్నాయి. పోయిన వేసవిలో తన్వి డాడీ కారు వారాల తరబడి ఇంటిముందు నుంచి కదల్లేదు. అడిగితే రేణు “బ్యాక్ పెయిన్ అండీ” అంది. నడుంనొప్పి మనిషి శనివారం పొద్దున్నే ఏడింటికి పార్కులో పొడుగాటి కర్ర పట్టుకుని చెత్త ఏరుతూ కనిపించాడు. అడిగితే “వాలంటీరింగ్ అమ్మా” అన్నాడు. ఇదివరకు ఏ పార్టీకొచ్చినా గరాజ్‌లో మగవాళ్ల మధ్య గ్లాసుతో నిలబడేవాడు, ఇప్పుడు కోక్ డబ్బా పట్టుకుని పిల్లల దగ్గర కూర్చుంటున్నాడు. అన్నిటికీ మించి, డిసెంబర్‌లో రేణు సొంత చెల్లెలి పెళ్లి విజయవాడలో జరిగితే ఈ ముగ్గురూ కదల్లేదు. “టికెట్స్ దొరకలేదు” అన్నారు. సొంత మరదలి పెళ్లికి టికెట్లు దొరక్కపోవడమేమిటి? అమెరికాలో తెలుగువాడు ఇండియా వెళ్లడం మానుకున్నాడంటే వీసాలో ఏదో తిరకాసు ఉన్నట్టే. ఆ సంగతి చిన్నపిల్లలు కూడా చెప్తారు.

కూడికలు ఆవిడకు కొత్తేం కాదు. ఇక్కడి కోర్టులు శిక్షగా వేసే చెత్త ఏరడం, కారు కదలకపోవడం, కోక్ డబ్బా, వీసా. నాలుగూ కలిపితే తాగి నడిపిన కేసు, ఇక్కడి మాటలో డీయూఐ, తప్ప ఇంకేమొస్తుంది? అలాంటి మనిషి పక్కన, వచ్చే మంగళవారం నుంచి తన ఒక్కగానొక్క కూతురు కూర్చోవాలి!

“ఏవండీ, పద్మనాభంగారి మీద డీయూఐ కేసేమైనా ఉందంటారా?” అని ఆ సాయంత్రం శ్రీధర్‌ను అడిగింది.

“నీకెందుకు ఉమా ఇవన్నీ? మంచి మనిషి.”

“మంచి మనిషేనండీ. కేసుందా లేదా అని కదా అడుగుతున్నాను.”

శ్రీధర్ లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. ఇక ఆయన్ను అడిగి లాభం లేదని ఆవిడ నిధి మమ్మీకి విడిగా మెసేజ్ పెట్టింది: “ట్యూస్‌డే రైడ్ గురించి నాకో డౌట్ ఉంది. ఫ్రైడే లోపల చెక్ చేసి చెప్తా. అప్పటిదాకా ఎవరితో అనకండి.” అవతల్నుంచి క్షణంలో జవాబొచ్చింది: “అయ్యో, ఏంటది? వెయిటింగ్.”

మర్నాడు ఇంట్లోంచే ఆఫీసు పని, లంచ్ టైమ్‌లో వెతకడం మొదలైంది. ముందు కనిపించినవన్నీ ‘మీ కౌంటీలో తాగి నడిపినవారి రికార్డులు వెంటనే చూడండి’ అని ఊరించే వెబ్‌సైట్లు. ఒకదాంట్లో పేరు కొట్టగానే గంటలు మోగించినంత పనిచేసి ‘మూడు రికార్డులు దొరికాయి’ అంది. చూడాలంటే క్రెడిట్ కార్డ్ నంబర్ ఇవ్వాలట. ఉమామహేశ్వరి అంత తేలిగ్గా ఇస్తుందా? తన పేరే కొట్టి చూసింది. దానికీ మూడు దొరికాయి. అనిక పేరు కొట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల మీద కూడా మూడే! “దొంగసచ్చినోళ్లు” అని ఆ కిటికీ మూసేసి, తిన్నగా కౌంటీ కోర్టు వాళ్ల సొంత వెబ్‌సైట్‌కి వెళ్లింది. అక్కడ హంగామా ఏమీ లేదు. రెండే ఖాళీ గడులు: ఇంటిపేరు, పేరు.

అక్కడే చెయ్యి ఆగిపోయింది. పద్మనాభం ఇంటిపేరేమిటి?

ఆరేళ్ల స్నేహం. వాళ్లింట్లో ఎన్ని పండగలకు తిన్నదో, వాళ్లు తనింట్లో ఎన్నిసార్లు తిన్నారో చెప్పలేదు. తన్వికి చెవులు కుట్టించినప్పుడు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది తనే. అయినా ఇంటిపేరు తెలియదు! ఫోన్‌లో చూస్తే ‘తన్వి డాడీ’. దాని కిందది ‘తన్వి మమ్మీ’. ఆ పక్కన ‘నిధి మమ్మీ’, ‘ఆరవ్ డాడీ’. అమెరికా వచ్చి ఇంతమందిని కూడగట్టుకుని, ఒక్కరి పూర్తి పేరూ తెలుసుకోలేదన్నమాట. ఎంత సిగ్గుచేటు! ఆవిడకు తన మీదే ఒళ్లు మండింది. పోలీసులొచ్చి ‘మీ స్నేహితుడి పేరేమిటమ్మా’ అని అడిగితే ‘తన్వి డాడీ’ అనేదా?

ఇళ్ల పన్నుల వివరాలు కూడా కౌంటీ వాళ్లు అందరికీ కనిపించేలా పెడతారు. ఇంటి చిరునామా కొడితే యజమాని పేరొచ్చింది: కొల్లిపర పద్మనాభం. ఆ రెండు మాటలూ కోర్టు గడుల్లో కొట్టి, ఎంటర్ నొక్కింది.

ఒకే ఒక్క వరస వచ్చింది. కేసు నంబరు, డీయూఐ అని మూడక్షరాలు, పుట్టిన సంవత్సరం 1984.

తప్పులు పట్టే కన్ను సంవత్సరం దగ్గర ఆగింది. పద్మనాభం నలభయ్యో పుట్టినరోజు క్లబ్‌హౌస్‌లో చేసింది పోయినేడాది జనవరిలో కదా? కేక్ మీద నలభై అని తనే రాయించింది. అంటే పుట్టింది ఎనభై అయిదులో. ఇది ఎనభై నాలుగు. ఇంకెవరో కొల్లిపర పద్మనాభం! “హమ్మయ్య” అని పైకే అనేసింది. అంతలోనే తనకే సిగ్గేసింది, ఒక మంచిమనిషిని ఎంతమాట అనుకున్నాను అని. లేచి వెళ్లి స్టవ్ మీద కాఫీ పెట్టుకుంది.

కాఫీ పొంగే లోపలే ఆ హాయి కాస్తా ఆవిరైపోయింది. తన లైసెన్స్ మీద పుట్టిన సంవత్సరం ఎంత? ఎనభై అయిదు. తను నిజంగా పుట్టింది ఎనభై ఆరులో. ఒకటో తరగతిలో వెయ్యడానికి వయసు చాలలేదని నర్సరావుపేటలో నాన్న బడికి వెళ్లి ఒక ఏడాది ఎక్కువ రాయించేశారు. ఆ అబద్ధమే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కణ్ణించి పాస్‌పోర్ట్‌లోకి, వీసాలోకి, చివరికి జార్జియా లైసెన్స్‌లోకి వచ్చి కూర్చుంది. శ్రీధర్‌దీ అంతే. ఆ తరంలో కాగితం మీద తేదీకి కేక్ కోసుకున్నవాళ్లెందరు? కోర్టు వాళ్లకు తెలిసేది కాగితం పుట్టినరోజే. ఆవిడ కాఫీ సింక్‌లో పారబోసి, శుక్రవారం ఒంటిపూట సెలవు పెట్టింది.

కోర్టు క్లర్క్ ఆఫీసులో కిటికీ వెనక తెల్లజుట్టు పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. ఉమామహేశ్వరి దారి పొడుగునా ఒక కథ అల్లుకుంటూ వచ్చింది, ఎందుకు కావాలని అడిగితే ఏం చెప్పాలా అని. ఆ పెద్దావిడ ఏమీ అడగలేదు. కేసు నంబరు తీసుకుంది, పబ్లిక్ రికార్డ్ కనుక ఎవరైనా చూడొచ్చు అంది, పక్కనున్న కంప్యూటర్ చూపించింది. అంత తేలికా? ఎవరి పరువైనా ఎవరైనా వచ్చి ఇలా బల్ల ముందు కూర్చుని తిప్పి చూసుకోవచ్చా? ఆవిడకు ఒక్క క్షణం భయమేసింది. భయమేసినా కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటి పేజీలో చిరునామా ఉంది. రెండు వీధుల అవతలి ఇల్లే. ఇక అనుమానం లేదు, తన్వి డాడీయే. ‘పట్టేశాను’ అనుకుంది. లోపల కాస్త గర్వం కూడా తొంగి చూసింది, దాచడమెందుకు. తరవాతి పేజీలో శిక్ష ఉంది: ఏడాది ప్రొబేషన్, క్లాసులు, నలభై గంటల సేవ. పార్కులో చెత్త ఏరింది అందుకే. ఆ తరవాతది పోలీసాయన రాసిన రిపోర్టు.

తేదీ: 2025 మే 18, ఆదివారం. సమయం: మధ్యాహ్నం మూడూ యాభై.

ఆ తేదీ చదివి ఉమామహేశ్వరి మళ్లీ చదివింది. మే పద్దెనిమిది తనింట్లో పార్టీ. శ్రీధర్‌కి ప్రమోషన్ వచ్చిందని నలభై మందిని పిలిచి బిర్యానీ పెట్టిన రోజు. తన్వికి జ్వరమని రేణు ఇంట్లో ఉండిపోయింది, పద్మనాభం ఒక్కడే వచ్చాడు. మూడున్నరకి పెరుగు అయిపోయింది. పెద్దవాళ్లు పెరుగన్నం కోసం విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. పెరుగు ముద్ద పడకుండా మనవాళ్లు భోజనం అయిందని లేస్తారా? ఉమామహేశ్వరి హడావిడిగా గరాజ్‌లోకి వెళ్లింది. డ్రైవ్‌వేలో అన్ని కార్ల వెనకా పద్మనాభంది ఉంది, అది తీస్తే గానీ ఇంకోటి కదలదు. “అన్నయ్యగారూ, మీరైతే చిటికెలో వెళ్లొస్తారు, నాలుగు డబ్బాల పెరుగు పట్టుకురండి” అంది. “ఇప్పుడా అమ్మా? శ్రీధర్ రెండు పోశాడు” అని ఆయన నవ్వాడు. “రెండు మైళ్లేగా!” అంటూ ఆయన చేతిలో గ్లాసు తనే అందుకుని వాషింగ్ మెషీన్ మీద పెట్టింది. గ్లాసులో ఏముందో ఆవిడకు తెలియకా?

ఆయన తిరిగి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పెరుగు లేకుండానే అందరూ లేచారు. రేణు ఆ సాయంత్రం ‘అర్జెంట్ పని పడింది, సారీ అండీ’ అని మెసేజ్ పెట్టింది. ‘పెరుగు తెమ్మంటే తోడుపెట్టుకుని తెద్దామని ఇంటికెళ్లిపోయాడు మహానుభావుడు’ అని ఉమామహేశ్వరి నెల రోజులు కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వించింది. పద్మనాభం ఎదురుగా కూడా ఒకసారి అంది. ఆయనా నవ్వాడు.

రిపోర్టు అక్కడితో అయిపోలేదు. ముందుసీట్లో నాలుగు పెరుగు డబ్బాలున్నాయని పోలీసాయన రాశాడు. ఎక్కడ తాగారని అడిగితే స్నేహితుల ఇంట్లో అని చెప్పాడట. ఏ ఇల్లని అడిగితే చెప్పలేదట. కారు తీసుకెళ్లడానికి ఆ స్నేహితులకు ఫోన్ చేస్తారా అని అడిగితే, వాళ్లింట్లో అతిథులున్నారు, ఇబ్బంది పెట్టను అన్నాడట. చివరికి పోలీసులే ఆ కారు లాక్కెళ్లారట.

ఉమామహేశ్వరి కాగితాలన్నీ ఇంకోసారి మొదట్నుంచి చూసింది. ఈసారి వెతికింది తన పేరు కోసం. ఎక్కడా లేదు.

తిన్నగా రేణు ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది రేణు. వెనక వంటింటి బల్ల దగ్గర పద్మనాభం లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. తన్వి ఇంకా బడి నుంచి రాలేదు.

“నేను కోర్టుకెళ్లి వచ్చానండీ” అంది ఉమామహేశ్వరి, గుమ్మంలోనే.

రేణు మొహంలో రంగు మారింది. “మా కేసు చూడ్డానికా?”

“ఊఁ.”

“చూశారా?”

“చూశాను.”

“ఎవరు పంపారో అందులో రాశారా?”

ఉమామహేశ్వరి తల అడ్డంగా ఊపింది. పద్మనాభం లేచి వచ్చాడు. “రేణూ, వదిలెయ్. అమ్మా, లోపలికి రండి. తాగింది నేను, స్టీరింగ్ పట్టుకుంది నేను. మీరు పొమ్మన్నా నేను పోకూడదు. దీంట్లో మీకు సంబంధం లేదు.”

“ఆయన అలాగే అంటారు” అంది రేణు. “పది నెలల్నుంచి అదే మాట. మీ పేరెత్తొద్దని నాతో ఒట్టేయించుకున్నారు. వీసా క్యాన్సిల్, దేశం దాటితే తిరిగి రాలేరని ఈమెయిల్ వచ్చిన రోజు కూడా మీ పేరెత్తలేదు నేను. మా చెల్లి పెళ్లి వీడియో కాల్‌లో చూశాను. మీరేమో పార్టీల్లో ఆ పెరుగు జోక్ వేస్తుంటే నేను పక్కన నిలబడి నవ్వాను ఉమగారూ. నవ్వాను!”

ఉమామహేశ్వరికి ఏడుపు ముంచుకొచ్చింది. అయినా అడగాల్సింది అడక్కుండా ఉండలేకపోయింది, ఏం చేస్తాం, ఆ పుటక అలాంటిది. “అన్నయ్యగారూ, మళ్లీ... ఎప్పుడైనా ముట్టుకున్నారా?”

రేణు విసురుగా అటు తిరిగింది. పద్మనాభం మాత్రం కోపగించుకోలేదు. “లేదమ్మా. ఆ రోజే ఆఖరు. మీకు నమ్మకం లేకపోతే అనికను పంపకండి. నేనేమీ అనుకోను.”

ఆయన కళ్లలోకి చూసి, ఆ మాట నమ్మింది ఆవిడ. సాక్ష్యం లేకుండా, ఇంకో చోట సరిచూసుకోకుండా నమ్మింది. అప్పుడు నిధి మమ్మీ సంగతి గుర్తొచ్చింది. “నిధి మమ్మీకి... ఏదో డౌట్ ఉందని చెప్పానండీ. ఈ రోజు చెప్తానన్నాను. ఏమీ దొరకలేదని చెప్పేస్తాను” అంది.

“వద్దు” అంది రేణు. “డౌట్ అని మీరన్నాక ఆవిడ ఊరుకుంటుందా? రేపు ఆవిడే వెతుక్కుంటుంది. చెప్పండి. చెబితే మాత్రం మొత్తం చెప్పండి. ఆయనది చెప్పి ఆపెయ్యకండి.”

పద్మనాభం ఏదో అనబోయాడు. రేణు చెయ్యి అడ్డం పెట్టింది.

ఉమామహేశ్వరి తన కార్లో కూర్చుని ఫోన్ తీసింది. నిధి మమ్మీవి అప్పటికే మూడు ఉన్నాయి: “ఏమైంది?” “దొరికిందా?” “ట్యూస్‌డే పంపాలా వద్దా?” విడిగా జవాబు రాయబోయి ఆగింది. రేణుకు కూడా కనిపించేలా గ్రూపులోనే రాసింది. రాసి చెరిపి, రాసి చెరిపి, ఇరవై నిమిషాలు పట్టింది.

“తన్వి డాడీ మీద డీయూఐ కేసు ఉంది. నేను కోర్టులో చూశాను. అది పోయిన మే 18న, మా ఇంట్లో పార్టీ రోజు. తాగారని తెలిసి కూడా పెరుగు కోసం కారెక్కించి పంపింది నేనే. గ్లాసు నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను. ఆయన పోలీసులకు నా పేరు చెప్పలేదు. ఆ రోజు నుంచి తాగడం మానేశారు. అనిక ట్యూస్‌డే ఆయన కార్లోనే వెళ్తుంది.”

పంపేసింది. పైన ‘నిధి మమ్మీ టైప్ చేస్తున్నారు’ అని కనిపించింది, ఆగింది, మళ్లీ కనిపించింది, మళ్లీ ఆగింది. వీధి మలుపులో స్కూల్ బస్ ఆగి పిల్లల్ని దింపి వెళ్లిపోయింది. అప్పుడొచ్చింది జవాబు.

“చెప్పినందుకు థాంక్స్ ఉమగారూ. ట్యూస్‌డే ఓకే, తన్వి డాడీతో నిధిని పంపిస్తా. థర్స్‌డే మీ టర్న్‌లో మాత్రం ఇక నుంచి నిధిని నేనే దింపుకుంటాను. ఏమీ అనుకోకండి.”

ఉమామహేశ్వరి ఆ మాటలు మూడుసార్లు చదివింది. ఏమనుకుంటుంది? ఆవిడ చోట తనుంటే తనూ అదే రాసేది.